పాతది ఊడ్చే టిక్కు

కాదురా, తెలీక అడుగుతాను, నువ్వు నన్ను ఆ ఆసుపత్రికి పంపింది నిజం చెప్పడానికా, నిజం మీద మట్టి కప్పడానికా? ఆగు, ముందు ఆ తలుపు వెయ్యనీ. గాజుదైనా తలుపు తలుపే. బయట అందరూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నారు గానీ ఒక్కడి చెవిలోనూ పాట మోగట్లేదు. అందరి చెవులూ ఇటే ఉన్నాయి.

కూర్చోను. కూర్చుంటే నాకు కోపం తగ్గిపోతుంది, చిన్నప్పట్నించీ అంతే. అది తెలిసే కదా నన్ను చూడగానే కుర్చీ లాగావు? అక్క దగ్గర నేర్చిన విద్యలు అక్క మీదే!

ఏం చెప్పావు, ఏం చెప్పావు అని ఒకటే గోల. చెప్తాను. డాక్టరమ్మకి నేనేం చెప్పానో చెప్పే ఇక్కణ్ణించి కదుల్తాను. కానీ నువ్వు అడిగిన వరసలో కాదు, నా వరసలో. ఇన్నేళ్ళూ ఈ కంపెనీలో నీ వరసలోనే నడిచాను కదా, ఇవాళ ఒక్కరోజు నా వరసలో విను.

ఫోనెందుకు తీస్తున్నావు? బోర్లా పెట్టు.

పొద్దున్న నేను బయల్దేరేముందు ఏమన్నావు? "అక్కా, సెటప్‌ల సంగతి నీకంటే తెలిసినవాళ్ళు మన దగ్గర ఎవరున్నారు? నువ్వు చెప్తే డాక్టరమ్మ నమ్ముతుంది. సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు, కొత్త వెర్షన్ ఎక్కించేటప్పుడు ఆ రికార్డింగ్ అమ్మాయి ఏదో తప్పు నొక్కింది అని చెప్పేసి వచ్చెయ్." ఇదేనా? ఒక్క మాట అటూ ఇటూ అయిందా?

ఆహా, ఇవాళ్టికి నాకంటే తెలిసినవాళ్ళు లేకుండా పోయారు! మరి కిందటేడు ఏమన్నావు నాయనా? "సెటప్ చెయ్యడం కూడా ఒక పనేనా అక్కా, ఇకనించి దానంతటదే అయిపోతుంది, నువ్వు హాయిగా కస్టమర్ల ఫోన్లు చూసుకో" అన్లేదూ? నా బల్ల పట్టుకెళ్ళి ఆ కిటికీ లేని ఫోన్ల గదిలో వేయించలేదూ? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఇప్పుడు ఇంకో ఏరు అడ్డమొచ్చింది కాబట్టి మళ్ళీ ఓడ మల్లయ్యనయ్యాను.

ఏంటీ, నెమ్మదిగానా? ఇదే నా నెమ్మది.

అసలు సెటప్ అంటే నీకు ఎప్పుడైనా తలకెక్కిందా? ప్రోగ్రాం రాసినవాళ్ళకి దండలేస్తావు, స్క్రీన్లకి రంగులేసినవాళ్ళకి చప్పట్లు కొట్టిస్తావు. ఆ ప్రోగ్రాం పరాయి మనిషి కంప్యూటర్లో అడుగుపెట్టాలంటే మాత్రం సెటప్ కావాలి. గుమ్మంలో చెప్పులిప్పాలి. ఇంట్లో ఎవరి సామాను ఎక్కడుందో చూసుకోవాలి. మన సామాను ఓ మూల సర్దుకోవాలి. పొమ్మన్నరోజున మనది మాత్రమే తీసుకుని పోవాలి. మర్యాద తెలిసిన చుట్టం చేసే పనిరా అది. ఆ మర్యాదంతా నేను ఒక్కో లైను చేత్తో రాసేదాన్ని.

సెటప్‌లు కట్టే ఆ పాత టూలు అందంగా ఉండేది కాదు, ఒప్పుకుంటాను. బూడిదరంగు పెట్టె, కింద రెండు బటన్లు. "అక్కా, ఇది మనం పుట్టకముందుదా" అని నువ్వు వెక్కిరించేవాడివి. కానీ ఏ ఫైలు ఎక్కడ పెట్టిందో దానికి గుర్తుండేది. తియ్యమంటే తను పెట్టినవే, ఒక్కొక్కటీ చూసుకుని తీసేది. తను పెట్టని ఫైలు ఎదురైతే, ఇది నాది కాదు అని పక్కకి తప్పుకునేది. మనుషుల్లో ఎంతమందికుందిరా ఆ బుద్ధి?

తర్వాత తమరు కొత్త టూలు తెచ్చారు. ఏం ముచ్చట, ఏం ముచ్చట! బొమ్మల్ని పట్టుకుని ఇటు లాగి అటు పడేస్తే చాలు, సెటప్ తయారు. ఆ అమ్మే అతను వచ్చి పెద్ద తెర మీద ఆడించి చూపిస్తుంటే నువ్వు నోరు తెరుచుకుని కూర్చున్నావు. ఈగ దూరి బయటికొచ్చినా నీకు తెలిసేది కాదు.

నేను ఒక్క ప్రశ్న అడిగాను. గుర్తుందా, మర్చిపోయావా? వెనక వరసలోంచి చెయ్యెత్తి అడిగాను. "కొత్త వెర్షన్ ఎక్కేముందు పాత ఫోల్డరు మొత్తం ఊడ్చెయ్ అని ఇక్కడో గడి ఉంది, దానికి ముందే టిక్కు పెట్టి ఉంది. ఆ ఫోల్డర్లో కస్టమరు సొంతవి ఏమైనా ఉంటే ఎలాగండీ?" అన్నాను. "అందరూ అలాగే వాడతారు మేడమ్" అన్నాడతను. ఇదేం సమాధానం? అందరూ గోడ దూకితే మనమూ దూకాలా? నువ్వేమో నా వైపు తిరిగి కళ్ళతోనే "చాల్లే అక్కా" అన్నావు. ఆ చూపు నాకు తెలుసు, లంగా ఓణీల రోజుల్నించి తెలుసు.

అక్కడితో ఊరుకున్నానా? అమ్మ దగ్గర అన్నం తింటున్నప్పుడు మళ్ళీ చెప్పాను. "ఒరేయ్, ఆ టిక్కు తీసెయ్యరా. తియ్యడం ఇష్టం లేకపోతే కనీసం ఓ ప్రశ్న అడిగించు, ఇక్కడ మీ సొంతవి ఉన్నాయి, ఉంచమంటారా అని." నువ్వేమన్నావు? ముద్ద నోట్లో పెట్టుకుని, "ప్రశ్నలు ఎవరూ చదవరక్కా" అన్నావు.

చదవరు! నీకంటే నాకు బాగా తెలుసు! తర్వాత, తర్వాత, తర్వాత, ముగించు అని బటన్లు నొక్కేస్తారు. ఇంతే లోకం చదువు. ఆ నిబంధనల పేజీలో "మా ఇల్లు మీకు రాసిచ్చాం" అని పెట్టినా అంగీకరిస్తున్నాను అని నొక్కి పక్కకెళ్ళి టీ తెచ్చుకుంటారు. చదవరు కాబట్టేరా, చదవకుండా నొక్కినా ఏమీ పోకూడదు! కళ్ళు మూసుకుని నడుస్తారని తెలిసీ దారిలో గొయ్యి తవ్వి, పడ్డాక "చూసుకోవద్దూ?" అంటే ఏమనాలి నిన్ను? ఈ పనిలో నేర్చుకోవాల్సింది ఆ ఒక్కటే. మిగతాదంతా ఏ పుస్తకంలో చూసినా దొరుకుతుంది.

టెస్టు చేశావు, అవును. చెయ్యలేదని నేనన్నానా? ఎక్కడ చేశావు? ఖాళీ కంప్యూటర్లో. ఈ పనిలో ఉన్నవాళ్ళందరం అలాగే చేస్తాం. అప్పుడే డబ్బాలోంచి తీసినట్టుంటుంది, ఒక్క ఫైలుండదు, ఒక్క ఫొటో ఉండదు. ఎక్కించారు, తీశారు, మళ్ళీ ఎక్కించారు. అద్భుతం, ఏమీ పోలేదు! పోవడానికి అక్కడేముందిరా? ఎవరూ కాపురం లేని ఇంట్లో ఎంత ఊడిస్తే ఏం పోతుంది?

ఆసుపత్రి వాళ్ళది ఖాళీ కంప్యూటరు కాదు. అందులో మనుషుల గొంతులున్నాయి.

తల దించుకోకు, నా మొహం చూడు. మన సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో నీకు నేను చెప్పాలా? చెప్పాల్సిందే. దాన్ని నువ్వు ప్రొడక్టు, ప్రొడక్టు అని అని, అదేం చేస్తుందో మర్చిపోయావు. గొంతులో జబ్బు ముదిరి స్వరపేటిక తీసెయ్యాల్సిన వాళ్ళుంటారు. ఆపరేషన్‌కి ముందు వాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళ గొంతుతో మాటలు రికార్డు చేస్తారు. ఆపరేషన్ అయ్యాక వాళ్ళు ఫోన్ మీద వేలితో తడితే, ఆ ఫోను వాళ్ళ గొంతుతోనే పలుకుతుంది. పోయిన గొంతుని ఫోన్లో పెట్టి ఇంటికి పంపుతాం. మొదటిసారి అది పనిచేసినరోజు నువ్వు నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చావురా. ఆ ఏడ్చినవాడేడి? ఎక్కడికి పోయాడు?

ఆ రికార్డింగులు నా పాత సెటప్‌లో ప్రోగ్రామ్‌కి దూరంగా, వేరే చోట ఉండేవి. నీ కొత్త టూలు అన్నీ తెచ్చి ఒకే ఫోల్డర్లో కుమ్మరించింది. బ్యాకప్పు కూడా! బ్యాకప్పు కూడా అదే ఫోల్డర్లో! ఇంటి తాళంచెవీ, మారు తాళంచెవీ ఒకే గొలుసుకి తగిలించుకుని తిరిగేవాణ్ణి ఏమంటారు?

అప్పుడు మనం అప్‌డేట్ పంపాం. స్క్రీన్ మీద మాటిమాటికీ "కొత్త వెర్షన్ వచ్చింది, ఎక్కించండి" అని రాయించాం. ఆ రికార్డింగ్ అమ్మాయి ఎక్కించింది. పంపింది మనం, నొక్కమన్నది మనం, పాపం నొక్కింది ఆ పిల్ల. టిక్కు తన పని తను చేసుకుపోయింది.

మిగతా పేషెంట్ల గొంతులు అప్పటికే వాళ్ళవాళ్ళ ఫోన్లలోకి ఎక్కించేశారు, గండం గట్టెక్కింది. ఒక్కాయనది మాత్రం మిగిలిపోయింది. బస్సు కండక్టరు. రికార్డింగ్ అయిన మర్నాడే ఆపరేషన్. కుట్లు మానాక తీరిగ్గా ఫోన్లోకి ఎక్కిద్దామనుకున్నారు. ఈలోగా మన చీపురు వెళ్ళింది.

ఆయన గొంతు ఇంక లేదురా. ఒంట్లోనూ లేదు, కంప్యూటర్లోనూ లేదు.

"చిన్న పొరపాటు" అన్నావంటే ఆ నీళ్ళ సీసా తీసి నీ నెత్తిన పోస్తాను. పెద్దవాడివయ్యావని చూడను.

ఆ అమ్మాయి ఫోన్ చేసింది నాకే. నీ పుణ్యమా అని ఫోన్ల గదిలో నేనే ఉన్నాను కదా. ఏమందో తెలుసా? "మేడమ్, ఫోల్డరు ఖాళీగా ఉంది. నేనేం చేశానండీ?" అంది. మీ సాఫ్ట్‌వేర్ ఏం చేసింది అన్లేదు. నేనేం చేశాను అంది. ఫోన్ చేసేవాళ్ళంతా అంతేరా. ప్రోగ్రాం ఆగిపోయినా, ప్రింటరు మొరాయించినా, "నేనేమైనా తప్పు నొక్కానాండీ" అనే మొదలెడతారు. వాళ్ళ ఆ భయం మీదే కదా మనలాంటి కంపెనీలు ఇన్ని నడుస్తున్నాయి!

నేను వెళ్ళి ఆ డిస్కంతా జల్లెడ పట్టాను. నీకు తెలుసు. ఏం లాభం? పాతవి చెరిపిన చోటే నీ కొత్త వెర్షను కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. ఎంత గాలించినా దొరికింది ఒకే ఒక్క ముక్క. అదేంటో తర్వాత చెప్తాను.

ఇక్కడేమో ఎవర్ని అడిగినా తనకి సంబంధం లేదంటారు. ప్రోగ్రాం రాసినవాళ్ళని అడిగితే మా కోడ్ బాగానే ఉందంటారు. టూలు అమ్మినవాణ్ణి అడిగితే గడి కనిపించేలాగే పెట్టాం కదా అంటాడు. నిన్నడిగితే ఆ అమ్మాయి తప్పు నొక్కిందంటావు. అందరూ శాకాహారులే, మరి రొయ్యల బుట్ట ఏమైనట్టు?

ఇప్పుడు విను, పొద్దున్న సంగతి.

ఆ రికార్డింగ్ గదిలోనే కూర్చోబెట్టారు అందర్నీ. ఎప్పుడైనా చూశావా నువ్వు ఆ గది? మీటింగులకి వెళ్ళి పై అంతస్తులో బిస్కట్లు తినొచ్చేస్తావు, ఏం చూస్తావు! గోడలకి నాలుగు పక్కలా మెత్తటి తాపడం. చప్పుడొస్తుందని ఫ్యాను ఉండదు, కిటికీ తెరవరు. ఉక్కపోత. ఒక మైకు, దాని ముందొక కుర్చీ. ఆ కుర్చీలోనే కూర్చున్నాడు కండక్టరు. మెడ చుట్టూ తెల్లగుడ్డ, మధ్యలో ఊపిరి పోవడానికి చిన్న గొట్టం. బాగా పొడగరి. బస్సులో పైకప్పు తగలకుండా వంగీ వంగీ భుజాలు ముందుకి పడిపోయాయి. పక్కన ఆయన భార్య, ఒళ్ళో సంచీ. ఆవిడ మొహంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండును, కాస్త సర్దుకునేదాన్ని.

ఆ అమ్మాయి గోడ పక్కన నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. డాక్టరమ్మ వచ్చేలోపు నాతో గుసగుసగా చెప్పింది. రికార్డింగప్పుడు మనం చదవమని ఇచ్చే వాక్యాలుంటాయి కదా, "నేడు వాతావరణం ఆహ్లాదకరంగా ఉన్నది" అని. అది చదవనన్నాడట ఆయన. "జన్మలో ఎప్పుడన్నానమ్మా నేను ఆ మాట? నేననేవే అంటాను, పట్టుకో" అన్నాడట. అని, "ముందుకి జరగండి, ముందుకి, లోపల బోలెడు చోటుంది" అన్నాడట. "చిల్లర లేదంటే ఎలాగయ్యా, నేనేమైనా ముద్రిస్తానా" అన్నాడట. "ఏమే, నేనే, తలుపు తియ్యి" అన్నాడట. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక రెండుసార్లు మళ్ళీ రికార్డు చెయ్యాల్సి వచ్చిందట. చెప్తూ చెప్తూ నవ్వబోయి నోరు మూసేసుకుంది. ఆ పిల్లనిరా నువ్వు బలి ఇమ్మన్నది.

డాక్టరమ్మ వచ్చింది. నిలబడే అడిగింది. "తప్పు మనిషిదా, మీ సాఫ్ట్‌వేర్‌దా, ఒక్క మాట చెప్పండి. మనిషిదైతే ఈ అమ్మాయిని ఇవాళే పంపించేస్తాను. ఇలాంటి చోట ఇలాంటి చెయ్యి నాకొద్దు."

నేనింకా నోరు తెరవనేలేదు. ఆ అమ్మాయి ముందుకొచ్చి, "నాదే మేడమ్. నేనే నొక్కాను" అంది.

విన్నావా? నువ్వు నాకు నేర్పి పంపిన అబద్ధం నాకంటే ముందు ఆ పిల్లే చెప్పేసింది! అది అబద్ధమని కూడా తెలీదు దానికి. నిజమే అనుకుంటోంది. ఇంక నాకేం పని? నోరు విప్పక్కర్లేదు, మాట తడబడక్కర్లేదు. డాక్టరమ్మ నా వైపు తిరిగి "అంతేనా?" అంది. ఊరికే తలూపితే చాలు.

అబద్ధమెందుకు, తలూపబోయాను.

అవునురా. నన్నలా చూడకు. నువ్వు గుర్తొచ్చావు. నీ మొహం కాదు, నువ్వు మొదటిసారి బడి నించి ఏడుస్తూ వచ్చి నా వెనక దాక్కోవడం గుర్తొచ్చింది. నిన్ను కొట్టినవాణ్ణి నేను కొట్టాను. తప్పు నీదని తర్వాత తెలిసింది, అయినా ఎవరికీ చెప్పలేదు. ఇంతకాలం నాకదే అలవాటు, నువ్వు చేస్తావు, నేను అడ్డం నిలబడతాను. నా మెడకి ఆ అలవాటుంది. అది దానంతటదే కిందకి వంగుతోంది.

అప్పుడు కండక్టరు నా వంక చూశాడు. ఏ భావమూ లేదు ఆ చూపులో. బస్సులో టిక్కెట్టు తీసుకున్నారా అని చూస్తారే, అంతే.

"కాదండీ" అన్నాను.

పూర్తిగా చెప్పాను. ఆ గడి, ఆ టిక్కు, ఒకే ఫోల్డరు, బ్యాకప్పు, అన్నీ. "ఈ అమ్మాయి మేం నొక్కమన్నదే నొక్కింది. నొక్కితే ఏం పోతుందో మేం చెప్పలేదు. ఇలా జరగొచ్చని మాకు ముందే తెలుసు" అన్నాను. "మా తమ్ముడికి తెలుసు" అన్లేదురా. మాకు అన్నాను. ఆ మాత్రం నీకు అడ్డం నిలబడ్డాను, సంతోషించు.

ఏంటి? కాంట్రాక్టా? పోతే పోనీ! మిగతా ఆసుపత్రులు వింటే? వింటారు. వినిపించింది నేనే. వచ్చేదారిలో కారులోంచి ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేశాను, అప్‌డేట్ నొక్కకండి, ముందు మీ రికార్డింగులు వేరే చోటికి తీసి పెట్టుకోండి అని. ఇద్దరు తిట్టారు. ఒకాయన మాత్రం "చెప్పినందుకు థాంక్సమ్మా" అన్నాడు. ఆ థాంక్స్‌కి తిట్లకంటే ఎక్కువ సిగ్గేసింది.

ఇంతమంది పొట్టలు కొట్టానా? నేనా కొట్టింది? ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడకు. మొన్న టిక్కు తీసుంటే ఇవాళ ఏ పొట్టా కాలేది కాదు.

ఇంకా ఉంది, కూర్చో. లేవకు. అసలుది చెప్పనే లేదు.

డాక్టరమ్మ అంతా వింది. తర్వాత, "ఏమీ మిగల్లేదా?" అంది. ఒక్క ముక్క దొరికిందన్నాను. వినిపించమంది. నాకిష్టం లేదు, కానీ ఆయన చెయ్యెత్తి కానివ్వు అన్నట్టు సైగ చేశాడు. నొక్కాను. గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత ఆయన గొంతు, గంట మోగినట్టు, "మొదలెట్టమంటారా?" అంది. అంతే. అక్కడితో అయిపోయింది.

మొదలెట్టమంటారా! అన్ని మాటల్లోనూ అదొక్కటి మిగిలింది.

ఆయన నవ్వాడురా. చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చూపు ఆ స్పీకరు మీంచి తిప్పలేదు. డాక్టరమ్మ పాపం ఏదో ఊరట చెబుదామని, "సాఫ్ట్‌వేర్‌లో వేరే మగగొంతులున్నాయమ్మా, చక్కగా ఉంటాయి. ఏదో ఒకటి ఎంచుకుందాం" అంది. చక్కగానే ఉంటాయి. మనమే పెట్టాం కదా, వార్తలు చదివేవాళ్ళలా మాట్లాడే గొంతులు.

ఆవిడ నన్ను చూసి అంది, డాక్టరమ్మని కాదు, నన్నే. "పెట్టండమ్మా. నలుగురితో మాట్లాడుకోవాలి కదా ఆయన. ఏ గొంతైనా ఫర్వాలేదు. కానీ అది నన్ను పిలవకుండా చెయ్యగలరా?" అంది.

అర్థమైందా నీకు? ఎవడో పరాయి మగాడి గొంతు ఇంట్లో "ఏమే" అని పిలిస్తే పలకలేనంటోంది ఆవిడ. ఊరందరితోనూ మాట్లాడనీ, నాతో మాత్రం ఊరుకుంటే చాలంటోంది. కాపురం చేసినన్నాళ్ళూ విన్న పిలుపుకి ఇంక ఎదురుచూడను అని, మర్యాదగా, మనల్ని నొప్పించకుండా చెప్తోంది.

చెప్పు. నీ టూల్లో బోలెడు గడులున్నాయి కదా. దీనికి ఏ గడిలో టిక్కు పెట్టాలో చెప్పు, పెడతాను.

నేనేమో "చేస్తానమ్మా" అన్నాను. అంతకంటే ఏమంటాను? అక్కడ నిలబడి నీ మీద పళ్ళు నూరుకున్నాను. నీ మీదా, ఆ అమ్మినవాడి మీదా, తలూపబోయిన నా మెడ మీదా.

డాక్టరమ్మ ఆ అమ్మాయి భుజం మీద చెయ్యేసి, "వెళ్ళి మొహం కడుక్కో, పదింటి పేషెంటు బయట కూర్చునున్నాడు" అంది. అంటే ఉద్యోగం ఉన్నట్టే. ఆ పిల్ల మాత్రం నన్ను నమ్మలేదు తెలుసా? గుమ్మం దాటుతూ, "నిజంగా నేను కాదా మేడమ్?" అంది. నువ్వు ఊడ్చింది ఆయన గొంతొక్కటే కాదురా. ఇంక ఆ పిల్ల ఏ బటన్ నొక్కాలన్నా ముందు నలుగుర్ని అడుగుతుంది.

ఇంక నీ సంగతి. డాక్టరమ్మ నిన్ను రమ్మంది. పై అంతస్తుకి కాదు, ఆ గదికే. "ఆవిడకి ఆ సమాధానమేదో మీ తమ్ముణ్ణే వచ్చి చెప్పమనండి" అంది. వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. ఆయన ఇంటికి వెళ్ళనన్నట్టు చెయ్యి తిప్పాడు. కారు కిందే ఆపాను.

లాయరా? లాయర్ని ఏం చేసుకుంటావురా? క్షమించమని అడగడానికి కూడా లాయరు కావాలా నీకు?

సరే. ఇంకో ముక్క చెప్పి ఊరుకుంటాను. ఈ గదిలోకి రాకముందు సెటప్‌లు కట్టే ఆ మూల కంప్యూటర్ దగ్గరికెళ్ళాను. నీ కొత్త టూల్ని పీకి పారేద్దామని. అవును, నిన్నడక్కుండానే. నువ్వెవర్నడిగి తెచ్చావు? తీసెయ్ అని నొక్కాను. నొక్కుతూ బూతు కూడా తిట్టాను, బయటవాళ్ళు విన్నారు, అడుగు కావాలంటే.

ఏమైందో తెలుసా? అది ఆగింది. ఆగి, ఒక ప్రశ్న అడిగింది. చక్కటి పెద్ద అక్షరాలతో, ఎంత మర్యాదగానో! "ఈ టూల్‌తో మీరు చేసుకున్న పని ఇక్కడ ఉంది. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" అని. ఉంచు అన్నదానికే ముందుగా టిక్కు పెట్టి ఉంది.

ఆ టూలు అమ్మినవాళ్ళకి తెలుసురా! ఎలా ఉండాలో వాళ్ళకి బాగా తెలుసు! వాళ్ళ సొంత సెటప్ కట్టుకునేటప్పుడు అన్ని మర్యాదలూ గుర్తున్నాయి. నీకు అమ్మేదాంట్లోనే చీపురు పెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలీక ఆ స్క్రీన్ ముందు అలాగే నిలబడిపోయాను.

నువ్వు ఏడాదిపాటు లాగి పడేసిన బొమ్మలన్నీ, నీ రంగుల సెటప్‌లన్నీ ఒక్క నొక్కుతో పోయేవి. తీసెయ్ దాకా వెళ్ళింది నా వేలు. నీకూ తెలియాలనిపించింది, ఖాళీ ఫోల్డరు ఎలా ఉంటుందో. ప్రమాణంగా చెప్తున్నాను, అంత కోపం నాకు నీ మీద ఎప్పుడూ రాలేదు.

ఉంచు అనే నొక్కాను. ఏం చెయ్యమంటావు, తమ్ముడివైపోయావు. లే, మొహం తుడుచుకో, పద.